కేకు మీద దర్భ

వేదిక మీది పెద్దలకు, దేశదేశాల నుంచి సింగపూర్ వచ్చిన అతిథులకు, వంటశాల వైపు నుంచి గుత్తివంకాయ వాసన వస్తున్నా ఇంకా కుర్చీలు వదలని మీ అందరికీ ప్రత్యేక నమస్కారాలు. భోజనాలకు ముందు మాట్లాడమని నిర్వాహకులు చెప్పినప్పుడే నాకు ఒక సంగతి అర్థమైంది. తిండి ప్రస్తావన లేకపోతే నా మాట ఎవరూ వినరు! అందుకని ఆకాశం, భూమి, అరిసెలు, కేకులు అన్నీ కలిపి వడ్డిస్తాను.

ముందుగా ఒక మనవి. నేను శాస్త్రవేత్తను కాను, పండితుణ్ణి అసలే కాను. ఓడరేవులో క్రేన్ల మరమ్మతులు చూసుకునే ఇంజనీరుని. మాది బందరు. 1997లో ఉద్యోగానికని ఇక్కడికి వచ్చి, రెండేళ్లలో వెళ్లిపోదామనుకుంటూ ఇక్కడే ఉండిపోయాను. ఈ వాక్యం మీలో చాలామందికి సొంత కథలాగే వినిపిస్తుందని నాకు తెలుసు.

మా అపార్ట్‌మెంట్ల సముదాయంలో ఏటా డిసెంబర్ 24 సాయంత్రం పిల్లలకు ఒక క్విజ్ పెడతాను. తెలుగు పిల్లలు, తమిళ పిల్లలు, చైనీస్ పిల్లలు, మలయ్ పిల్లలు అందరూ వస్తారు. క్రిస్మస్ పేరు చెప్పి భూమి గురించి, ఆకాశం గురించి, పండగ పిండివంటల గురించి ప్రశ్నలు అడుగుతాను. సరైన జవాబుకు బహుమతి ఒక అరిసె, తప్పు జవాబుకు ఓదార్పు బహుమతి ఒక కేకు ముక్క. దాంతో కొందరు కావాలనే తప్పు చెబుతుంటారు! ఆ ప్రశ్నలు కొన్ని మిమ్మల్నీ అడుగుతాను. ఈ క్విజ్ ఎందుకు మొదలుపెట్టానో చివర్లో చెబుతాను.

మొదటి ప్రశ్న. సింగపూర్‌లో క్రిస్మస్ నాడు పగలు ఎంతసేపు ఉంటుంది? శీతాకాలం కదా, పగలు తక్కువేనని పిల్లలు గబగబా చేతులెత్తుతారు. లండన్‌లో అయితే నిజమే, ఆ రోజు పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. మన బందరులో పదకొండు గంటల పైన ఉంటుంది. సింగపూర్‌లో మాత్రం పన్నెండు గంటల మూడు నిమిషాలు. ఇక్కడికి భూమధ్యరేఖ దాదాపు 140 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఏడాది పొడుగునా చూసినా పగటి నిడివిలో తేడా పది నిమిషాలు దాటదు. మాల్స్ ముందు పిల్లల మీద కురిపించే మంచు ఉత్త సబ్బు నురగే. అసలు డిసెంబర్‌లో ఇక్కడ కురిసేది వాన. సింగపూర్‌లో అన్నిటికన్నా ఎక్కువ వాన పడే నెల అదే, సగటున 330 మిల్లీమీటర్లు. మన నెల్లూరును ముంచెత్తే ఈశాన్య ఋతుపవనమే ఇక్కడా ముంచెత్తుతుంది. నెల్లూరు వాళ్లెవరైనా సభలో ఉంటే, మీరూ మేమూ ఒకే గొడుగు కింద ఉన్నామన్నమాట!

రెండో ప్రశ్న. భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది ఎప్పుడు? మే నెలలో రోహిణి కార్తె ఎండలు తిన్న మనం మే అనే అంటాం. నిజానికి జనవరి మొదటి వారంలో, అంటే క్రిస్మస్ కేకు ఇంకా పూర్తిగా అరగకముందే! అప్పుడు దూరం సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్లు. జూలై మొదటి వారంలో 15 కోట్ల 21 లక్షలు. మరి జనవరిలో చలెందుకు? ఋతువులకు కారణం దూరం కాదు కనుక. భూమి ఇరుసు 23.4 డిగ్రీలు ఒరిగి ఉంది. డిసెంబర్‌లో ఉత్తరార్ధం సూర్యుడికి ఎడంగా ఒరుగుతుంది, అంతే సంగతి. ఈ జవాబును కొంచెం గుర్తుంచుకోండి, దీనితో మళ్లీ పని ఉంది.

మూడో ప్రశ్న నేను అడిగింది కాదు, నన్ను అడిగింది. ఒక ఏడాది నేను మహా గొప్పగా, "పిల్లలూ, మన సంక్రాంతి నాడు సూర్యుడు ఉత్తరం వైపు తిరుగుతాడు, అదే ఉత్తరాయణం" అన్నాను. ప్రైమరీ ఫోర్ చదివే ఒక పాప లేచి, "అంకుల్, సూర్యుడు తిరిగేది డిసెంబర్ 21న కదా? మరి జనవరి 14 దాకా ఎందుకు ఆగుతాడు?" అంది. నాకు నోట మాట రాలేదు. నా చిన్నప్పుడు మాస్టారు చెప్పినదాన్ని నేను ఒక్కనాడూ లెక్క చూసుకోలేదు. "తెలియదమ్మా, వచ్చేవారం చెబుతాను" అన్నాను.

ఆ వారం కూర్చుని చదివాను. భూమి తిరగలిలా స్థిరంగా తిరగదు, సోలిపోతున్న బొంగరంలా తల ఊపుతూ తిరుగుతుంది. ఆ ఊపు ఒక చుట్టు పూర్తికావడానికి దాదాపు 26 వేల ఏళ్లు పడుతుంది. అందువల్ల నక్షత్రాలను బట్టి లెక్కించే మన సంక్రాంతి, ఋతువులను బట్టి నడిచే ఇంగ్లీషు తేదీలతో పోలిస్తే, సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున వెనకబడుతుంది. 1,700 ఏళ్ల కిందట రెండూ ఒకే రోజున ఉండేవి. స్వామి వివేకానంద పుట్టింది 1863 జనవరి 12న, ఆ రోజు మకర సంక్రాంతి. ఇప్పుడు అదే పండగ 14నో 15నో వస్తోంది. మన పంచాంగకర్తలకు ఇది తెలియక కాదు. దీనికి అయనాంశ అని పేరుపెట్టి లెక్కలు కట్టారు. తెలియనిది నాకే! వారం తరువాత ఆ పాపను పిలిచి చెబితే, "థాంక్యూ అంకుల్" అని రెండు అరిసెలు పట్టుకుపోయింది.

అరిసెల మాట వచ్చింది కనుక వంటింట్లోకి వెళదాం. క్రిస్మస్ కేకులో వేసే జాజికాయకూ ఆర్చర్డ్ రోడ్డుకూ సంబంధమేమిటి? డిసెంబర్‌లో దీపాలతో ధగధగలాడే ఆ రోడ్డును మీరంతా చూసే ఉంటారు. 1984 నుంచి ఏటా ఆ దీపాలు పెడుతున్నారు. 1830, 40లలో అక్కడ ఉన్నవి జాజికాయ తోటలు. ఆ తోటల వల్లే రోడ్డుకు ఆ పేరు. 1850ల చివర్లో తెగులు తగిలి తోటలన్నీ పోయాయి, పేరు మాత్రం మిగిలింది. అసలు జాజికాయ పుట్టిల్లు ఇండోనేషియాలోని బాండా దీవులు. అగ్నిపర్వతాల నేల అది. ఒకప్పుడు ప్రపంచం మొత్తానికీ అక్కడి నుంచే వచ్చేది. 1667 నాటి ఒప్పందంలో బాండాలోని రున్ అనే చిన్న దీవి డచ్చివారికి ఉండిపోయింది, అటు మన్‌హట్టన్ ఇంగ్లీషువారికి ఉండిపోయింది. న్యూయార్క్ నుంచి వచ్చిన మిత్రులారా, మీ ఊరి విలువ ఒకప్పుడు ఒక జాజికాయ తోటంత!

ఇక్కడి యురేషియన్ ఇళ్లలో క్రిస్మస్‌కు సుగీ కేకు చేస్తారు. సుగీ అంటే మరేమీ కాదు, మన సూజీ, బొంబాయి రవ్వ. మా ఆవిడ మొదటిసారి తిని, "ఇది కోటు వేసుకున్న రవ్వకేసరి అండీ!" అంది. మన కోస్తాలో క్రైస్తవ కుటుంబాల వాళ్లు క్రిస్మస్‌కు గులాబీ పువ్వులు, అరిసెలు, కజ్జికాయలు చేసి వీధంతా పంచుతారు. బందరులో మాకు డిసెంబర్‌లో ఒకరింటి నుంచి అరిసెలు వచ్చేవి, జనవరిలో మా ఇంటి నుంచి వాళ్లకు వెళ్లేవి. పళ్లెం మాత్రం ఎప్పుడూ ఖాళీగా తిరిగి రాలేదు.

అరిసెల పాకం సరిగ్గా వచ్చిందో లేదో మా అమ్మ పళ్లెంలో నీళ్లు పోసి, అందులో ఒక చుక్క వేసి చూసేది. మెత్తగా ఉండ కడితే ఉండపాకం. మిఠాయి తయారీదారులు థర్మామీటరు పెట్టి చూసేదీ అదే, సుమారు 115 డిగ్రీలు. నీళ్లు ఆవిరయ్యేకొద్దీ పాకం చిక్కబడుతుంది, చిక్కబడేకొద్దీ మరిగే వేడి పెరుగుతుంది. అంటే మా అమ్మ పళ్లెమే థర్మామీటరు. కాకపోతే దానికి బ్యాటరీ అక్కర్లేదు.

ఇక అంతరిక్షం. చంద్రుడి దగ్గర తొలి క్రిస్మస్ విందు ఏది? 1968 డిసెంబర్‌లో అపోలో-8 వ్యోమగాములు బోర్మన్, లోవెల్, ఆండర్స్ చంద్రుడి చుట్టూ తిరిగారు. డిసెంబర్ 24న చంద్రుడి అంచు మీద నుంచి నీలి భూమి ఉదయిస్తున్న ఆ ప్రసిద్ధమైన ఫోటో తీసింది ఆండర్స్. క్రిస్మస్‌కు వాళ్ల డబ్బాల్లో టర్కీ మాంసం, గ్రేవీ, దానితో చిన్న బ్రాందీ సీసాలు కూడా పెట్టి పంపారు. భూమికి చేరేదాకా సీసా మూత తీయడానికి వీల్లేదని కెప్టెన్ బోర్మన్ ఆజ్ఞ! 1973లో స్కైలాబ్‌లో ఉన్న ముగ్గురు ఖాళీ తిండి డబ్బాలతోనే క్రిస్మస్ చెట్టు కట్టుకున్నారు. పరాయిచోట దొరికినదానితో పండగ చేసుకోవడం మనకొక్కరికే వచ్చిన విద్య కాదన్నమాట.

మన సంగతీ చెప్పాలి. 2015 డిసెంబర్ 16న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ రాకెట్టు ఏకంగా ఆరు సింగపూర్ ఉపగ్రహాలను ఎక్కించుకుని వెళ్లింది. సింగపూర్ స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లయిన సంవత్సరం అది. ఆ రోజు ఆఫీసులో నా చైనీస్ సహోద్యోగులకు పులికాట్ సరస్సు ఎక్కడుందో మ్యాపులో చూపించి నేను చేసిన హడావుడి చూసి, రాకెట్టును నేనే తయారుచేశానేమో అనుకున్నారు! 2021లో సరిగ్గా డిసెంబర్ 25నే జేమ్స్ వెబ్ టెలిస్కోపు దక్షిణ అమెరికాలోని కురూ నుంచి బయలుదేరింది. అదీ భూమధ్యరేఖకు దగ్గర ఊరే. అక్కడ భూమి తిరిగే వేగం ఎక్కువ, రాకెట్టుకు ఆ తోపు ఉచితంగా దొరుకుతుంది. ఇప్పుడు ఈ కుర్చీల్లో కూర్చునే మీరంతా గంటకు దాదాపు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతున్నారు. అందుకేనేమో అంత ఆకలి!

చివరి ప్రశ్న. సింగపూర్ నుంచి పాలించిన క్రిస్మస్ ఏది? ఇది పెద్దలూ చెప్పలేరు. జావాకు దక్షిణాన ఉన్న క్రిస్మస్ దీవి. 1643 డిసెంబర్ 25న ఒక ఇంగ్లీషు ఓడ కెప్టెన్ దాని పక్కగా పోతూ ఆ పేరు పెట్టాడు. 1958లో ఆస్ట్రేలియాకు అప్పగించేదాకా దాని పాలన సింగపూర్ నుంచే సాగింది. ఆ దీవి నిజానికి సముద్రంలో మునిగిన అగ్నిపర్వతం కొన. దాని కిందున్న నేలపలక ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూ, జావా దగ్గరి అగాధంలో కిందికి దూరుతోంది. ఆ అగాధం అక్కడితో ఆగదు. సుమత్రా పక్కగా అండమాన్ దాకా వెళుతుంది.

మిత్రులారా, ఇక్కడి నుంచి నేను హాస్యమాడలేను.

2004 డిసెంబర్ 26, ఆదివారం. ముందు రోజు పార్టీలో మిగిలిన కేకు తింటూ కూర్చున్నాం. మా ఇల్లు పద్నాలుగో అంతస్తు. మా అబ్బాయికి అప్పుడు ఆరేళ్లు. స్కూల్లో చేసుకొచ్చిన అట్ట నక్షత్రాన్ని హాల్లో దారంతో వేలాడదీశాడు. ఉదయం తొమ్మిది దాటింది. వాడు పైకి చూసి, "నాన్నా, స్టార్ ఎందుకు ఊగుతోంది?" అన్నాడు. నేను పేపరులోంచి తల ఎత్తకుండా, "ఫ్యాను గాలికి" అన్నాను. "ఫ్యాను వేయలేదు కదా నాన్నా" అన్నాడు. "అయితే కిటికీ గాలికి. కేకు తిను" అన్నాను.

కిటికీ కూడా మూసే ఉంది.

సింగపూర్ కాలమానం ప్రకారం 8 గంటల 58 నిమిషాలకు సుమత్రా పక్కన సముద్రగర్భం 1,200 కిలోమీటర్లకు పైగా చీలింది. తీవ్రత 9.1. సింగపూర్‌కు సుమత్రా అడ్డుగోడలా ఉంది కనుక అల ఇక్కడికి రాలేదు, ఊపు మాత్రం వచ్చింది. లోతు సముద్రంలో ఆ అల విమానమంత వేగంతో వెళ్లింది. మన కోస్తాకు చేరడానికి దానికి పట్టిన సమయం సుమారు రెండున్నర గంటలు.

ఆ రోజు పౌర్ణమి. మా అమ్మ, పక్కింటి పిన్నిగారు, ఇంకో నలుగురు ఆటోలో మంగినపూడి బీచికి సముద్రస్నానానికి వెళ్లారు. అమ్మ తొందరగా స్నానం ముగించి గుడి దగ్గరికి వచ్చేసింది. పిన్నిగారు ఇంకో మూడు మునకలు వేసి వస్తానంది. రాలేదు. నన్ను చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన మనిషి. ఆ ఒక్క రోజున మన రాష్ట్రంలో వందమందికి పైగా పోయారు. అన్ని దేశాల్లో కలిపి రెండు లక్షలు దాటింది.

నేను ఫోను చేసింది మధ్యాహ్నం టీవీ చూశాక. ముందే చేసి ఉంటే ఆపగలిగేవాణ్ణా? అమ్మ దగ్గర సెల్‌ఫోను లేదు, ఆమె బీచిలో ఉందని నాకు తెలియదు. ఆపలేకపోయేవాణ్ణేమో. కానీ నన్ను తినేసింది అది కాదు. సుమత్రా కింద భూమి కదులుతుందని ఇంజనీరుగా నాకు తెలుసు. సముద్రం కింద పెద్ద భూకంపం వస్తే అల లేస్తుందనీ చదివాను. నా కొడుకు చూసి చెప్పాడు, ఫ్యాను వేయలేదనీ గుర్తుచేశాడు. అయినా వాడి నోరు మూయించాను. తెలియదు అన్నా బాగుండేది. తెలిసినట్టు అబద్ధం చెప్పాను.

అదే రోజు, అదే సముద్రానికి ఆవలి ఒడ్డున, థాయిలాండ్‌లోని ఫుకెట్ దీవిలో పదేళ్ల ఇంగ్లీషు పిల్ల టిల్లీ స్మిత్ అమ్మానాన్నలతో బీచిలో ఉంది. నీళ్లు నురగలు కక్కుతూ ముందుకే వస్తున్నాయి. రెండు వారాల కిందట భూగోళం క్లాసులో ఇలాంటిదే చెప్పారని ఆ పిల్ల పట్టుబట్టింది. అమ్మానాన్నలు ముందు నమ్మలేదు. చివరికి తండ్రి హోటలు సెక్యూరిటీకి చెప్పాడు, బీచి ఖాళీ చేయించారు. దాదాపు వందమంది బతికారు. వాళ్ల నాన్న విన్నాడు. నేను వినలేదు. తేడా అంతే.

మరుసటి డిసెంబర్‌లో క్విజ్ మొదలుపెట్టాను. బహుమతి అరిసెలని చెప్పాను కదా, పాకం మాత్రం పిన్నిగారి కొలత.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. సరిగ్గా పదిహేనేళ్ల తరువాత, 2019 డిసెంబర్ 26న, సింగపూర్‌లో కంకణ సూర్యగ్రహణం. ఆ ఏడాది అమ్మ మా దగ్గరే ఉంది. గ్రహణం పట్టకముందే సెరంగూన్ రోడ్డు కొట్లో కొన్న దర్భ తెచ్చి, మంచినీళ్ల మీద, పచ్చళ్ల జాడీల మీద, పెరుగు గిన్నె మీద వేసింది. మిగిలిన క్రిస్మస్ కేకు మీద కూడా వేసింది! ఐసింగ్ మీద అడ్డంగా దర్భపోచ. ఆ ఫోటో ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద ఉంది.

మా అబ్బాయికి అప్పటికి ఇరవై ఒక్కేళ్లు. "నాయనమ్మా, బయటకు రాకపోతే పోనీ, గ్రహణాన్నే లోపలికి తెస్తాను" అని వంటింట్లోంచి పిండి జల్లెడ తీసుకుని బాల్కనీలోకి వెళ్లాడు. మధ్యాహ్నం ఒకటిన్నర కావస్తోంది. జల్లెడలోని ఒక్కొక్క కన్నం ఒక్కొక్క కెమెరా. గచ్చు మీద వందలాది చిన్న చిన్న ఉంగరాలు పడ్డాయి. రెండు నిమిషాలపాటు. అమ్మ గుమ్మం లోపల నిలబడి ఆ ఉంగరాలనే చూసింది. ఉంగరమెందుకు, నిండు గ్రహణం కాదా అని అడిగింది. చంద్రుడు ఆ రోజు కాస్త దూరంగా ఉన్నాడు, సూర్యుడు దగ్గరగా ఉండి కాస్త పెద్దగా కనిపిస్తున్నాడు, అందుకే పూర్తిగా కప్పలేకపోయాడని వాడు చెప్పాడు. ఇందాక గుర్తుంచుకోమన్నది ఇందుకే.

అమ్మ కాసేపు ఊరుకుని నన్ను అడిగింది: "దీన్ని ఇన్ని గంటల ఇన్ని నిమిషాలకని ముందే చెప్పారు కదరా. మరి ఆ రోజుది ఎందుకు చెప్పలేకపోయారు?"

ఈసారి నేను తొందరపడలేదు. "భూకంపం ఎప్పుడొస్తుందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేరమ్మా" అన్నాను. "గ్రహణం లెక్కకు దొరుకుతుంది, అది దొరకదు. కానీ భూకంపం వచ్చాక, అల ఎక్కడికి ఎప్పుడు చేరుతుందో చెప్పగలరు. ఆ రోజు మన సముద్రానికి అలా చెప్పే ఏర్పాటు లేదు. ఇప్పుడుంది. 2007 నుంచి మన హైదరాబాదులోనే సునామీ హెచ్చరికల కేంద్రం పనిచేస్తోంది. కొద్ది నిమిషాల్లో చెబుతారు."

"హైదరాబాదులోనా? అక్కడ సముద్రం లేదు కదరా!" అంది అమ్మ. ముగ్గురం నవ్వాం. తరువాత అమ్మ కళ్లు తుడుచుకుంది. గ్రహణం విడిచాక తలస్నానం చేసి వచ్చి, కేకు మీది దర్భ తీసి, మొదటి ముక్క కోసి పక్కన పెట్టింది. ఎవరికని మేం అడగలేదు.

పెద్దలారా, నా మనవి ఒక్కటే. మన పిల్లలు అడిగే ప్రశ్నలకు మన దగ్గర జవాబులు ఉండకపోవచ్చు. సంక్రాంతి గురించి అడిగినా, నక్షత్రం గురించి అడిగినా, "తెలియదు, చూద్దాం పద" అనే రెండు మాటలు తెలుగులో ఉన్నాయి. వాటిని వాడుకుందాం. ఇంకో మాట. సముద్రం ఒడ్డున ఉన్నప్పుడు కాళ్ల కింద నేల కదిలినా, నీళ్ల తీరు వింతగా మారినా, ఫోను తీసి ఫోటోకు నిలబడకండి, మెట్టకు పరుగెత్తండి. పక్కవాళ్లను కూడా పిలవండి.

భోజనాలు సిద్ధమయ్యాయట. స్వీట్లలో అరిసెలున్నాయి. పాకం మాత్రం నేను దగ్గరుండి చూశాను.